పునీత ఫ్రాన్సిస్ డి సాలెస్ జీవితము

ఢిల్లీలోని జనక్‌పురియందు సెయింట్ ఫ్రాన్సిస్ డి సాలెస్ పేరిట నొక పాఠశాల కలదు. ఆంధ్రులకు ఈ పేరు క్రొత్తది కాదు. ఆయన పేరు దాల్చిన మిషనరీ సభవారు సవాయ్ దేశపు ఆన్సీ పట్టణము నుండి 1846లోనే విశాఖపట్టణము చేరిరి. భాషాధ్యయనపరులు ఈ పునీతుని జీవితమున గమనింపదగిన విశేషములు కొన్ని కలవు.

ఫ్రాన్సిస్ 1567 ఆగస్టు 21వ తేదీన సవాయ్‌లోని తోరాన్ గ్రామమున కులీనకుటుంబమున జన్మించెను. పారిస్‌లో విద్యాభ్యాసము చేయుచుండగా, దేవుడు తన్ను ముందే నరకమునకు నిర్ణయించెనేమో యను భయము ఆ యువకుని వారములకొలది క్రుంగదీసెను. ఆ వేదన తీరిన పిదప 1591లో పాదువా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమునందు డాక్టరు పట్టము పొందెను. తండ్రి కోరిన న్యాయవాదవృత్తిని విడిచి 1593లో గురుపట్టము స్వీకరించెను.

మరుసటి యేడు కాల్విన్ మతానుయాయులతో నిండిన షాబ్లే సీమకు బోధకుడై పోయెను. రాత్రులు ఆలెంజ్ కోటలో తలదాచుకొని, పగలు తొనొన్ పట్టణమునకు నడచిపోవుచుండెను. ఆయన ప్రసంగములకు వచ్చువారు మిక్కిలి తక్కువ. అందుచే ఫ్రెంచి భాషలో చిన్న చిన్న పత్రములు వ్రాసి, ఇండ్ల తలుపుల క్రింద నుండి లోనికి జారవిడిచెను. ఈ పత్రములే తరువాత గ్రంథరూపము దాల్చినవి. నాలుగేండ్లలో ఆ సీమ చాలవరకు కతోలికమతమునకు మరలెను.

ఇచ్చట చరిత్రకారుడు మరువరాని విషయ మొకటి కలదు. 1598లో సవాయ్ ప్రభువు స్వయముగా తొనొన్‌కు వచ్చి, మతము మార్చుకొననివారిని దేశము విడువవలసినదిగా శాసించెను. కావున ఆ మార్పు నంతయు మృదువచనముల ఫలమే యనుట సత్యము కాదు. రాజదండము ప్రక్కన నిలిచినను, ఫ్రాన్సిస్ తన వ్రాతలలో వాదమునే నమ్ముకొనెను. ఆయన కీర్తికి ఆ వ్రాతలే ఆధారమైనవి.

1602లో ఆయన జెనీవా పీఠాధిపతి యయ్యెను. ఆ నగరము కాల్విన్ మతస్థుల యధీనమం దుండుటచే ఆన్సీ నుండియే మేత్రాసనమును పాలించెను. అచ్చటనే న్యాయకోవిదుడగు ఆంత్వాన్ ఫావ్ర్‌తో కలిసి 1607 ప్రాంతమున ఫ్లోరిమోంతాన్ అను విద్వత్పరిషత్తును నెలకొల్పెను. 1635లో ఫ్రెంచి అకాడమీ స్థాపితమగుటకు ఇది సుమారు మూడు దశాబ్దుల ముందటిది. 1609లో వెలువడిన భక్తిజీవన ప్రవేశిక ఒక బంధుస్త్రీకి వ్రాసిన లేఖల నుండి పుట్టినది. సన్న్యాసులకే గాక గృహస్థునకును, సైనికునకును, పనివానికిని భక్తిమార్గము సాధ్యమని అందు నిరూపించెను. 1610లో జాన్ డి షాంతాల్‌తో కలిసి విజిటేషన్ కన్యకామఠమును స్థాపించెను. చెవిటివాడగు మార్టిను అను యువకునకు సంజ్ఞలతో మతబోధ చేసెను.

1622 డిసెంబరు 28న ల్యోన్ నగరమున దేహము చాలించెను. 1665లో పునీతుడుగా ప్రకటింపబడెను. 1877లో సభాపండితుడుగాను, 1923లో రచయితలకు పాలకపునీతుడుగాను గుర్తింపబడెను. చిరకాలము జనవరి 29న జరిగిన ఆయన ఉత్సవము 1969 పంచాంగసంస్కరణముతో జనవరి 24వ తేదీకి మారెను. అది 1623లో ఆయన దేహము ఆన్సీలో నిక్షిప్తమైన దినము. లేఖిని పట్టినవారు ఏ మతస్థులైనను, ఆ దినమున ఈయనను స్మరించుట ఉచితము.