మీర్ ఆలం – ఒక స్నేహం, దాని ఖరీదు

మన సంఘ సభ్యుల్లో చాలామందికి ఏదో ఒక పనిమీద నగరానికి వెళ్ళిరావడం తప్పదు. మేడ్చల్‌లో రైలెక్కితే బొల్లారం, అల్వాల్ దాటాక కావలరీ బ్యారక్స్ అనే స్టేషను వస్తుంది. శామీర్‌పేట నుంచి బస్సులో బయలుదేరితే హకీంపేట మొదలుకొని తిరుమలగిరి దాకా మిలిటరీ ప్రహరీ గోడలు కనబడుతూనే ఉంటాయి. కంటోన్మెంటు మనకు అలవాటైన దృశ్యం. అయితే నిజాం రాజధానికి ఇంత చేరువలో ఇంగ్లీషువారి సేన ఎందుకు వచ్చి కూర్చుంది? దాన్ని పిలిచిందెవరు? దాని జీతబత్యాలు ఎవరు భరించారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే అందులో సగం ఒక మనిషి జీవిత కథలోనే దొరుకుతుంది. ఆయన మీర్ ఆలం. మీరాలం మండి, మీరాలం చెరువు ఎరగనివారు లేరు. ఆ పేరుగల మనిషి సంగతి తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆయన అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. 1752లో హైదరాబాదులో పుట్టాడు. తండ్రి సయ్యద్ రజా ఇరాన్ దేశంలోని షూస్తర్ పట్టణం నుంచి వలస వచ్చిన పండితుడు. ఆ ఇంట చదువుకు లోటు లేదు. పారసీ భాషలో మంచి పట్టు, దస్తావేజు రాయడంలో నేర్పు, ఎదుటివారి మనసెరిగి మాట్లాడే తీరు ఆయనకు చిన్ననాటి నుంచే అబ్బాయి. రెండవ అసఫ్‌జా నిజాం అలీ ఖాన్‌కు దివానుగా ఉన్న అరస్తూ జా ఈ యువకుణ్ణి చేరదీసి తన కొలువులో పెట్టుకున్నాడు. తరువాత ఇంగ్లీషువారితో వ్యవహారాలు నడిపే వకీలుగా ఆయనను నియమించారు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే రాయబారి ఉద్యోగం.

అప్పటి పరిస్థితి కొంచెం గుర్తు చేసుకోవాలి. దక్కనులో నాలుగు శక్తులు ఒకదానినొకటి కనిపెట్టుకుని ఉండేవి. పుణెలో మరాఠాలు, శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను, హైదరాబాదులో నిజాం, మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ. వీరిలో ఎవరికీ ఎవరూ శాశ్వత మిత్రులు కారు. కంపెనీవారు నిజాంకు ప్రత్యర్థులే. 1766 నాటి ఒప్పందంతో ఉత్తర సర్కారులు వారి వశమయ్యాయి. మిగిలిన గుంటూరు సర్కారును కూడా 1788లో జాన్ కెన్నవే అనే దొర హైదరాబాదు వచ్చి, అడిగి పుచ్చుకున్నాడు. తీర ప్రాంతపు తెలుగు నేలంతా ఆ విధంగా నిజాం చేయి జారింది.

గుంటూరు పోయాక, బదులుగా ఏదైనా రాబట్టాలని దర్బారువారు మీర్ ఆలంను కలకత్తాకు పంపించారు. గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్‌తో ఆయనకు స్నేహం కుదిరింది అక్కడే. ఈ రాయబారానికి ఫలితంగా 1789 జూలై 7న కార్న్‌వాలిస్ నిజాంకు ఒక లేఖ రాశాడు. కోరినప్పుడు కంపెనీ సేనను పంపుతామని, అయితే కంపెనీ మిత్రుల మీద దానిని ప్రయోగించరాదని అందులోని సారాంశం. మిత్రుల జాబితాలో మరాఠాల పేరుంది, ఆర్కాటు నవాబు పేరుంది, తిరువాన్కూరు రాజు పేరుంది. టిప్పు పేరు లేదు. దస్తావేజులతో పని చేసిన మనలాంటివారికి ఇందులోని కిటుకు వెంటనే బోధపడుతుంది. ఒక్కోసారి రాసిన పేర్ల కంటె రాయకుండా విడిచిన పేరే ఎక్కువ చెబుతుంది. టిప్పు కూడా దాన్ని అలాగే అర్థం చేసుకున్నాడు.

1790లో కంపెనీ, పేష్వా, నిజాం కలిసి టిప్పు మీద యుద్ధానికి ఒడంబడిక చేసుకున్నారు. గెలుచుకున్న దానిలో ముగ్గురికీ సమాన వాటా అని షరతు. యుద్ధం సుమారు రెండేళ్ళు సాగింది. నిజాం సేనలు కొప్పళ, గండికోట, గుర్రంకొండల వైపు పోరాడాయి. 1792 ఫిబ్రవరి 6 రాత్రి కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం బయటి రక్షణ వరుసలను ఛేదించడంతో టిప్పు సంధికి దిగివచ్చాడు.

మీర్ ఆలం జీవితంలో ముఖ్య ఘట్టం ఇదే. సంధి మాటలకు కంపెనీ తరఫున కెన్నవే, నిజాం తరఫున మీర్ ఆలం, మరాఠాల తరఫున హరిపంత్ ఫడ్కే పంపిన ప్రతినిధి కూర్చున్నారు. టిప్పు తరఫున గులాం అలీ, అలీ రజా వచ్చారు. బయట ఫిరంగులు మోహరించి ఉన్నాయి, లోపల లెక్కలు సాగుతున్నాయి. ఏ పరగణా రాబడి ఎంత, ఏ వరహాకు ఎన్ని రూపాయలు, ఏ కోట ఎవరికి అన్న వాదనలే ఎక్కువ. హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్న కెన్నవే మీర్ ఆలంకు పాత పరిచయస్తుడు. అవతల కార్న్‌వాలిస్ కలకత్తా నాటి స్నేహితుడు. ముగ్గురు మిత్రపక్షాలవారు కూర్చున్న చోట ఇద్దరి మధ్య ఇంత చనువు ఉంటే మూడోవాడికి అనుమానం కలగక మానదు. మరాఠాలకు కలిగింది కూడా.

ఫిబ్రవరి చివరివారంలో మొదటి ఒప్పందం కుదిరింది. టిప్పు రాజ్యంలో సగం ఇచ్చుకోవాలి. 3 కోట్ల 30 లక్షల రూపాయలు చెల్లించాలి, అందులో సగం తక్షణం, మిగతాది మూడు వాయిదాల్లో. అది తీరేదాకా ఇద్దరు కొడుకులు తాకట్టుగా ఉండాలి. ఫిబ్రవరి 26న ఆ పసివాళ్ళు ఏనుగుల మీద కార్న్‌వాలిస్ గుడారానికి వచ్చారు. పెద్దవాడికి పదేళ్ళు, చిన్నవాడికి ఎనిమిదేళ్ళు. ఆ తరువాత కొడగు విషయంలో తగవు పుట్టింది. కంపెనీ సరిహద్దుకు ఆనుకొని లేని ఆ సీమను అడగడం న్యాయం కాదని టిప్పు భీష్మించాడు. ముట్టడికి మళ్ళీ ఏర్పాట్లు మొదలయ్యాయి. చివరికి టిప్పే తగ్గాడు. మార్చి 18న అసలు సంధి జరిగింది. ఒక్కొక్కరి వాటాకు ఏటా సుమారు 39.5 లక్షల రూపాయల రాబడిగల భూములు వచ్చాయి. కడప, గండికోట, కంభం సీమలు నిజాంకు దక్కాయి. కాగితం మీద చూస్తే మీర్ ఆలం స్నేహం బాగానే ఫలించింది.

కాని ఆ స్నేహానికి పరీక్ష త్వరలోనే ఎదురైంది. నిజాం తమకు బాకీపడిన చౌతు చెల్లించాలని మరాఠాలు పట్టుబట్టారు. 1794లో మీర్ ఆలం పుణె వెళ్ళి మాట్లాడాడు గాని లాభం లేకపోయింది. కలకత్తాలో కార్న్‌వాలిస్ వెళ్ళిపోయి ఆయన చోటికి సర్ జాన్ షోర్ వచ్చాడు. మరాఠాలతో జగడం మాకు పనికిరాదని ఆయన చేతులు ముడుచుకున్నాడు. 1795 మార్చిలో ఖర్దా దగ్గర నిజాం ఓడిపోయాడు. దౌలతాబాదు కోటతోపాటు 35 లక్షల రాబడిగల భూములు, 3 కోట్ల రూపాయలు ఒప్పుకోవలసి వచ్చింది. దివాను అరస్తూ జాను మరాఠాలకు అప్పగించవలసి వచ్చింది. మిత్రుడనుకున్న ఇంగ్లీషువాడు ఒక్క సిపాయిని కదపలేదు. కోపంతో నిజాం కంపెనీ పటాలాలను పంపివేసి రేమాండ్ అనే ఫ్రెంచివాడి సేనను పెంచాడు. మన మూసారాంబాగ్ పేరు ఆ రేమాండ్ నుంచి వచ్చిందనే అంటారు.

రెండు వ్యక్తుల మధ్య స్నేహం వేరు, రెండు ప్రభుత్వాల మధ్య పొత్తు వేరు. కుర్చీలో మనిషి మారగానే మొదటిది ఉన్నా రెండోది నిలవదు. ఈ సంగతి మీర్ ఆలంకు ఖర్దా తరువాత తెలియకుండా ఉండదు. అయినా ఆయన దారి మార్చుకోలేదు. మరాఠాల నుంచి నిజాంను కాపాడగల శక్తి కంపెనీకి తప్ప మరొకరికి లేదన్నది ఆయన లెక్క. పుణె నుంచి తిరిగి వచ్చిన అరస్తూ జా కూడా అదే అభిప్రాయానికి వచ్చాడు. 1798 సెప్టెంబరు 1న సైన్య సహకార ఒప్పందం జరిగింది. అక్టోబరు 22న ఫ్రెంచి సేన ఆయుధాలు కింద పెట్టింది. కంపెనీ సేన శాశ్వతంగా వచ్చి చేరింది.

1799లో టిప్పుతో ఆఖరి యుద్ధం. ఈసారి నిజాం సేనను మీర్ ఆలమే నడిపించాడు. మే 4న శ్రీరంగపట్నం కూలింది, టిప్పు మరణించాడు. జూన్ 22న జరిగిన పంపకాల ఒప్పందం మీద నిజాం పక్షాన సంతకం మీర్ ఆలందే. గుత్తి, గుర్రంకొండ సీమలు నిజాంకు వచ్చాయి. ఆయన జయజయధ్వానాల మధ్య నగరానికి తిరిగి వచ్చాడు.

ఆ వైభవం ఏడాదైనా నిలవలేదు. అరస్తూ జాతో విభేదాలు ముదిరాయి. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, మీర్ ఆలం బంధువర్గానికి చెందిన ఖైరున్నిసాను వివాహమాడిన వ్యవహారంలో ఆయనకు, రెసిడెంటుకు చెడింది. 1800లో పదవి పోయింది, నగరం విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి ఇంగ్లీషువారి స్నేహితుడన్న పేరు మోసినవాడికి ఇంగ్లీషు రెసిడెంటే అడ్డు నిలబడలేదు.

ఆ ఏడాదే ఇంకో పెద్ద సంఘటన జరిగింది. కంపెనీ సేన ఖర్చుకు నగదు బదులు భూమి ఇస్తామని 1800 అక్టోబరు 12న నిజాం ఒప్పుకున్నాడు. ఇచ్చినవి ఏ భూములు? 1792లోను, 1799లోను గెలుచుకున్నవే. మీర్ ఆలం సంధి బల్ల దగ్గర కూర్చుని సంపాదించిన కడప, గండికోట సీమలు ఎనిమిదేళ్ళు తిరిగేసరికి కంపెనీ ఖాతాలో పడ్డాయి. అవే దత్త మండలాలు, తరువాతి కాలపు రాయలసీమ. థామస్ మన్రో అక్కడ కలెక్టరై రైత్వారీ పద్ధతిని నాటాడు. ఆ జిల్లాలు మద్రాసు పాలనలోకి, మన తెలంగాణ నిజాం పాలనలోకి విడిపోయి, మళ్ళీ 1956 దాకా ఒక గొడుగు కిందికి రాలేదు. ఒకే భాష మాట్లాడేవారికి రెండు రకాల రెవెన్యూ పద్ధతులు, రెండు రకాల కచేరీ భాషలు ఏర్పడటానికి ఆ సంతకాలు కారణమయ్యాయి. సర్వీసు రోజుల్లో ఆంధ్ర, తెలంగాణ రికార్డులు రెండూ తిరగేసినవారికి ఆ తేడా బాగా తెలుసు.

1804లో అరస్తూ జా కన్నుమూయగా, ఇంగ్లీషువారి బలంతో మీర్ ఆలం దివాను పదవికి వచ్చాడు. అప్పటికి ఆయన కుష్ఠువ్యాధితో బాధపడుతున్నాడు. కొత్త నిజాం సికందర్ జాకు ఆయన మీద నమ్మకం లేదు. తన దివాను తనకంటె రెసిడెంటుకే ఎక్కువ విధేయుడన్నది ఆ ప్రభువు అనుమానం. రాజా మహీపత్ రామ్ వర్గం ప్రాబల్యం పెరిగినప్పుడు, రాజ్యానికి దివాను అయి ఉండి కూడా ప్రాణభయంతో రెసిడెన్సీలో తలదాచుకున్నాడు. ఒక ఉద్యోగి జీవితంలో ఇంతకంటె విషాదం ఏముంటుంది? ఆ రోజుల్లోనే, 1806లో, హుసేన్‌సాగర్‌కు ఉత్తరాన ఉన్న సేనా నివాసానికి నిజాం పేరు మీద సికింద్రాబాదు అని పేరు పెట్టారు. మీర్ ఆలం 1808లో పదవిలో ఉండగానే మరణించాడు. మీర్ మోమిన్ దాయిరాలో సమాధి చేశారు. ఆయన మునిమనుమడే మొదటి సాలార్ జంగ్.

ఆయనను దేశద్రోహి అనడం తేలిక. ఆ కాలానికి మనం ఇప్పుడనుకునే దేశమన్న భావన లేదు. హైదరాబాదు రాజ్యం మరో నూట యాభై ఏళ్ళు నిలిచిందంటే అది ఆయన చలవే అని వాదించేవారూ ఉన్నారు. నిలిచిన మాట నిజమే, కాని ఎవరి అండన నిలిచిందన్నది కూడా చూడాలి. ప్రత్యర్థితో మర్యాదగా, స్నేహంగా మెలగడం రాయబారికి గుణమే. అయితే ఆ స్నేహం తన యజమాని పనికి సాధనంగా ఉన్నంతవరకే అది గుణం. తన పదవికి, ప్రాణానికి అదే ఆధారమైన రోజున ఆ ఉద్యోగి ఎవరి ఉద్యోగో చెప్పడం కష్టమవుతుంది.

ఆయన చేసిన పనుల్లో వాదం లేనిది ఒకటుంది. శ్రీరంగపట్నంలో తన వంతుకు వచ్చిన సొమ్ముతో కట్టించాడని చెప్పే మీరాలం చెరువు అది. ఒక మైలు పొడవున ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు రాతి కమానులు వరసగా నిలబడి నీటిని ఆపుతాయి. ఉస్మాన్‌సాగర్ రాకముందు నగరం తాగింది ఆ నీళ్ళే. శామీర్‌పేట చెరువు కట్ట మీద నడిచేవారికి కట్ట విలువ వేరే చెప్పనక్కరలేదు. మనవలను జూపార్కుకు తీసుకువెళ్ళే సభ్యులు పక్కనే ఉన్న ఆ కమానులను కూడా ఒకసారి చూపించి, ఈ కథ చెబితే బాగుంటుంది.