కలం వదలని మ్యూరియెల్

సినిమా మొదట్లో పేర్లు పడుతుంటే మనం సీట్లు వెతుక్కునే హడావుడిలో ఉంటాం. హీరో హీరోయిన్లెవరో తెలిస్తే చాలు, కథ ఎవరు రాశారన్నది ఎవరికి పడుతుంది? అందుకేనేమో, మ్యూరియెల్ బాక్స్ అంటే మనలో చాలామందికి తెలీదు. ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ అందుకున్న మొట్టమొదటి మహిళ ఆవిడే!

1905లో ఇంగ్లండ్‌లోని సర్రేలో పుట్టారు. టైపిస్టుగా బతుకు మొదలుపెట్టి, స్టూడియోలో కంటిన్యుటీ గర్ల్‌గా చేరారు. ఏ షాట్‌లో ఏ చీటీ ఏ చేతిలో ఉందో రాసుకునే ఆ ఉద్యోగమే ఆవిడకు సినిమా బడి. 1935లో జర్నలిస్టు సిడ్నీ బాక్స్‌ను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ కలిసి బోలెడు ఏకాంకికలు రాశారు. వాటిలో చాలావాటిలో అన్నీ ఆడపాత్రలే! ఔత్సాహిక నాటక బృందాల్లో ఆడవాళ్లే ఎక్కువ, వాళ్లకు తగ్గ వేషాలే తక్కువ మరి. అవసరం కనిపెట్టి రాయడమంటే ఇదీ అనిపించింది నాకు.

1945లో వచ్చిన 'ది సెవెంత్ వీల్' దంపతుల దశ తిప్పింది. మనసు దెబ్బతిని, ఇక పియానో వాయించలేనని కుంగిపోయిన ఒక అమ్మాయి కథ అది. 1947లో ఇద్దరికీ కలిపి ఆస్కార్ వచ్చింది. సిడ్నీ గెయిన్స్‌బరో స్టూడియో పగ్గాలు పడితే, కథల విభాగం బాధ్యత మ్యూరియెల్ చూసుకున్నారు.

అయితే డైరెక్షన్ మాటెత్తితే మాత్రం తలుపులు మూసుకునేవి. యుద్ధకాలంలో పిల్లల రోడ్డు భద్రత మీద ఓ డాక్యుమెంటరీ తీయబోతే, ఆడవాళ్లకు తగిన పని కాదంటూ ప్రభుత్వ శాఖ వాళ్లు అడ్డుపడ్డారు. పిల్లల్ని రోడ్డు దాటించేది అమ్మలే కదా! అది తీయడానికి మాత్రం పనికిరారా? ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం రాస్తూనే అదను కోసం చూశారు. 1952లో 'ది హ్యాపీ ఫ్యామిలీ' సొంతంగా డైరెక్ట్ చేశారు. మరుసటి ఏడాది మహిళా పోలీసుల మీద 'స్ట్రీట్ కార్నర్', 1957లో 'ది ట్రూత్ అబౌట్ విమెన్' తీశారు. తన సినిమాలన్నిట్లో ఆవిడ మనసుకు దగ్గరైంది ఈ చివరిదే.

1964తో సినిమాలు ఆగాయి, కలం ఆగలేదు. స్త్రీల పుస్తకాల కోసం ఫెమినా బుక్స్ అనే ప్రచురణ సంస్థ పెట్టారు. 1969లో విడాకులయ్యాయి. మరుసటి ఏడాది, అరవై నాలుగేళ్ల వయసులో, న్యాయకోవిదుడు లార్డ్ గార్డినర్‌ను పెళ్లాడారు. 1974లో ఆత్మకథ రాశారు. 1991లో కన్నుమూశారు.

ఆస్కార్ కన్నా, కాదన్న ప్రతిసారీ మళ్లీ కాగితం ముందు కూర్చున్న ఆ మొండితనమే నాకు గొప్పగా తోస్తుంది. ఈసారి సినిమాకెళితే పేర్లు పడేటప్పుడు కాస్త నిదానంగా చదువుదామా?