అమ్మకిచ్చిన మాట

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీర్మానాలు చేసుకున్న మన యువకుల్లో చాలామంది సంక్రాంతి నాటికే వాటిని మరచిపోతున్నారు. సిగరెట్టు మానేశానని సాక్ష్యం చెప్పిన తమ్ముడే దువ్వాడ స్టేషన్ దగ్గర మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటాడు. అతన్ని గద్దించాలని మాకు లేదు. ఈ వారం అతని కోసమే టంగుటూరి ప్రకాశం పంతులు గారిని తలచుకుంటున్నాము. ఆయన క్రైస్తవుడు కాదు. అయినా ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది.

1872లో ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. 11 ఏళ్ళకే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. ఆ రోజుల్లో లోకం చిన్నచూపు చూసిన పని అది. కొడుకేమో నాటకాల పిచ్చిలో, అల్లరి జట్లలో పడ్డాడు. మెట్రిక్యులేషన్ తప్పాడు. గురువు హనుమంతరావు నాయుడు గారు చేయి పట్టుకుని రాజమండ్రి తీసుకువెళ్ళకపోతే ఏమయ్యేవాడో!

అయితే చిన్ననాటి నుండి లాయరు కావాలన్న పట్టుదల మాత్రం పోలేదు. సెకండ్ గ్రేడ్ ప్లీడరయ్యారు, బాగా సంపాదించారు, రాజమండ్రి మున్సిపల్ చైర్మన్ కూడా అయ్యారు. మనలో ఎవరమైనా అక్కడ ఆగిపోయేవాళ్ళమే. కానీ పై కోర్టుల్లో వాదించాలంటే ఆ పట్టా చాలదు. 1904లో బారిస్టరు చదువుకు ఇంగ్లండు బయలుదేరారు. మాంసం, మద్యం, పొగాకు ముట్టనని తల్లికి ముందే మాటిచ్చారు. విందు బల్ల ముందు కూర్చున్నాక ఆలోచిద్దామని అనుకోలేదు. పైగా ఆ మాట తనలో తాను అనుకున్నది కాదు, తన అల్లరంతా ఎరిగిన మనిషికి ఇచ్చింది. మన తమ్ముళ్ళ తీర్మానాల్లో కొరవడుతున్నది ఇదేనని మాకు అనిపిస్తుంది. వందమంది ముందు చెబుతారు, ఇంట్లో అమ్మకు మాత్రం చెప్పరు.

1907లో మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత దేశం కోసం దాన్నీ వదిలేశారు. ఆయనలో లోపాలు లేకపోలేదు. మొండితనం ఉంది, డబ్బు చేతిలో నిలిచేది కాదు.

1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మద్యనిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసును ఆయన ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో ఆ విషయం మీదే అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. అప్పటికి ఆయనకు 82 ఏళ్ళు. తల్లికి మాటిచ్చి 50 ఏళ్ళు.