థామస్ మిడ్గ్లీ

థామస్ మిడ్గ్లీ (1889 మే 18 - 1944 నవంబరు 2) అమెరికాకు చెందిన ఇంజనీరు, రసాయన శాస్త్రవేత్త. పెట్రోలు ఇంజన్లను పీడించే 'నాకింగ్' అనే దోషంపై పరిశోధించి, దానికి విరుగుడుగా సీసం కలిపిన పెట్రోలును ప్రవేశపెట్టాడు. శీతల యంత్రాలలో వాడిన ఫ్రియాన్ వాయువు కూడా ఈయన బృందం రూపొందించినదే.

తొలి జీవితం

మిడ్గ్లీ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ ఫాల్స్‌లో జన్మించాడు. ఒహైయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పెరిగి, 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పొందాడు. రసాయన శాస్త్రాన్ని ఆ తరువాత స్వయంకృషితో అభ్యసించాడు. 1916లో డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ నడుపుతున్న ప్రయోగశాలలో చేరాడు.

నాకింగ్ - కారణాన్వేషణ

బరువుతో ఎత్తు ఎక్కుతున్న పాత ట్రక్కు ఇంజనులో రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్లు వినబడే శబ్దమే నాకింగ్. ఇది కొనసాగితే పిస్టన్లు దెబ్బతింటాయి. ఆ రోజులలో కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతే ఇందుకు కారణమని కొందరు నిందించేవారు. ఇంధనం వేళకు ముందే అంటుకోవడం వలన ఇలా జరుగుతోందని మరికొందరు భావించేవారు.

మిడ్గ్లీ సిలిండరులోని పీడనం మారే తీరును ఫిల్ముపై నమోదు చేసి పరిశీలించాడు. స్పార్కుకు ముందు పీడనం సక్రమంగానే ఉంది. మంట మొదలైన తరువాతనే అది ఒక్కసారిగా ఎగసింది. అనగా మంట ఇంకా చేరని చివరి భాగంలోని వాయు మిశ్రమం, ఒత్తిడికీ వేడికీ తనంతట తానే పేలుతున్నది. దోషం ఇగ్నిషన్ పరికరానిది మాత్రమే కాదు, ఇంధన స్వభావానిది కూడా అని దీనివలన తేలింది. నేటికీ మెకానిక్కులు పాత బండిలో ఈ శబ్దం వింటే ఇగ్నిషన్ టైమింగు ముందుకు జరిగిందా, సిలిండరులో మసి పేరుకుందా, ఇంజను అతిగా వేడెక్కుతోందా, పెట్రోలు ఆక్టేను తక్కువైందా అని చూడడానికి ఈ సూత్రమే ఆధారం.

ఇంధనానికి ఎరుపు రంగు కలిపితే వేడిని గ్రహించి త్వరగా ఆవిరి అవుతుందని ఊహించి, 1916లో అయొడిన్ కలిపి చూశారు. నాకింగ్ తగ్గింది. అయితే ఇతర ఎర్రరంగులు పనిచేయలేదు. ఊహ తప్పయినా ఫలితం దక్కిన ఉదంతాలలో ఇది ఒకటి. తరువాత అనిలీన్, దుర్గంధం వదలని టెల్లూరియం మొదలైనవి పరీక్షించి, 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ గుణాన్ని కనుగొన్నారు. పెట్రోలులో వెయ్యింట ఒక వంతుకన్నా తక్కువే సరిపోయేది.

సీసం వివాదం

సీసం విషమన్న సంగతి అప్పటికే లోకవిదితం. ఆల్కహాలు కలిపినా నాకింగ్ తగ్గుతుందని మిడ్గ్లీకి తెలుసు. అయితే దానిని అధిక పరిమాణంలో కలపవలసి ఉండేది. పేటెంటు లాభమూ అంతగా లేదు. 1923 ఆరంభంలో డేటన్‌లో సీసపు పెట్రోలు అమ్మకం మొదలైంది. అదే సమయంలో మిడ్గ్లీ స్వయంగా సీసం విషప్రభావానికి లోనై విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది.

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారంలో ఐదుగురు కార్మికులు ఈ విషం వలన మరణించారు. అదే నెల 30న మిడ్గ్లీ విలేఖరుల ఎదుట ఆ ద్రవంతో చేతులు కడుగుకొని, దాని ఆవిరిని నిమిషం పాటు పీల్చి, అపాయం లేదని చూపాడు. తానే జబ్బుపడి ఏడాదిన్నర దాటిన తరువాత చేసిన ఈ ప్రదర్శనను సమర్థించడం కష్టం. 1925లో నిలిచిపోయిన అమ్మకం 1926లో తిరిగి ప్రారంభమైంది.

ఫ్రియాన్, చివరి దశ

1930లో ఫ్రియాన్ వాయువును పీల్చి, దానితో కొవ్వొత్తి ఆర్పి చూపాడు. అది నిజంగానే విషం కాదు, మండదు. ఓజోను పొరకు దానివల్ల కలిగే హాని 1974లో గాని బయటపడలేదు. ఈ విషయంలో ఆయనను సీసం విషయంలో వలె తప్పుపట్టలేము.

మిడ్గ్లీకి 1941లో ప్రీస్ట్లీ పతకం లభించింది. 1944లో అమెరికన్ కెమికల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. 1940లో పోలియో సోకి నడవలేని స్థితిలో, మంచంపై నుండి లేవడానికి తాళ్ళు, కప్పీలతో ఒక అమరిక చేసుకున్నాడు. 1944 నవంబరు 2న ఆ తాళ్ళలోనే చిక్కుకొని ఊపిరాడక మరణించాడు.

భారతదేశంలో సీసపు పెట్రోలు 2000లో నిలిచిపోయింది. రోడ్డు వాహనాలకు దానిని వాడిన చివరి దేశం అల్జీరియా 2021లో మానుకొంది. ఆయన పక్కన పెట్టిన ఆల్కహాలు నేడు ఇథనాల్ రూపంలో మన పెట్రోలులో కలుస్తున్నది.