కరువు కాలంలో లేచిన మందిరం

ఇటలీ దేశంలో సియెనా అనే పాత నగరం ఉంది. మధ్యయుగాల నాటి ఇటుక మేడలు, ఇరుకు వీధులు, నలుపు తెలుపు పాలరాతి చారల మహాదేవాలయం చూడటానికి యాత్రికులు అక్కడికి వెళ్తుంటారు. ఆ దేవాలయం పక్కనే కప్పు లేని పెద్ద గోడ ఒకటి నిలబడి ఉంటుంది. ఉన్న మందిరం చాలదని, దానిని ఇంకా పెద్దది చేయాలని 1339లో నగరవాసులు పూనుకున్నారు. 1348లో ప్లేగు వచ్చింది. వేలమంది చనిపోయారు, పని ఆగిపోయింది. ఆ గోడ ఈనాటికీ అలాగే ఉంది.

ప్రియ పాఠకులారా, అంత దూరం మనలో చాలామందిమి వెళ్ళలేము. అయితే మధ్యయుగ ఐరోపా దేవాలయాల గోతిక్ పద్ధతిలో కట్టిన మందిరం మన తెలంగాణలోనే, మెదక్‌లో ఉంది. యాదగిరిగుట్ట, ఆలేరు, భువనగిరి సంఘాల నుండి కూడా బస్సు మాట్లాడుకొని వెళ్ళి చూసి వస్తుంటాము. గోపురం ముందు ఫోటోలు తీసుకుంటాము. దానిని కట్టించిన దైవజనుని సంగతి మాత్రం పిల్లలకు చెప్పము.

ఆయన చార్లెస్ వాకర్ పాస్నెట్. వెస్లియన్ మెథడిస్టు మిషనరీగా 1895లో ఇంగ్లండు నుండి సికింద్రాబాదు వచ్చారు. మొదట తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పరిచర్య చేశారు. దానితో ఆయనకు తృప్తి కలగలేదు. పల్లెల వైపు మనసు మళ్ళి, మరుసటి ఏడు మెదక్ చేరుకున్నారు. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ ప్రాంతమే ఆయన సేవాస్థలమైంది. ఊరి చివర వాడల నుండి మాల, మాదిగ కుటుంబాలు ప్రభువు దగ్గరకు వచ్చాయి. సంఘం పెరిగింది, ఆరాధన స్థలం చాలలేదు.

1914లో పెద్ద మందిరం పని మొదలైంది. ఐరోపాలో యుద్ధం, ఇక్కడ కరువు. ఆకలితో ఉన్న జనానికి పాస్నెట్ దొరగారు పని చూపించి తిండి పెట్టారు. రాళ్ళు మోసినవారి ఇంట పొయ్యి వెలిగింది. పదేళ్ళ శ్రమ తరువాత 1924 డిసెంబరు 25న మందిర ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం 175 అడుగులు. లోపల నేల మీది రంగుల పలకలు పరచడానికి ఇటలీ మేస్త్రీలు వచ్చారని చెబుతారు.

కరువులో అంత పెద్ద కట్టడం అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. సియెనాలో ఆపద పనిని ఆపింది. మెదక్‌లో ఆ పనే ఆపదలో ఉన్నవారికి అన్నమైంది. ఊరక పంచిన గింజలైతే ఆ పూటకు సరిపోయేవి. పని దొరికినందున వారు తలెత్తుకొని తిన్నారు, తమ చేతులతో కట్టిన ఇంటిలో మోకరించారు.

ఈ రోజుల్లో మన సంఘాలూ మందిరాలు కడుతున్నాయి. గ్రానైటు, టైల్సు, ఎత్తైన ఆర్చి, వాటి వెనుక అప్పు. అదే సంఘపు యువకులు పొద్దున్నే కూలి అడ్డా మీద నిలబడి, పని దొరకక తిరిగి వస్తున్నారు. కరువు వస్తుందని విన్న అంతియొకయ సంఘం ముందుగా యూదయలోని సహోదరులకు సహాయం పంపింది. కనుక సంఘ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈసారి బిల్డింగ్ కమిటీ కూర్చున్నప్పుడు, గోపురం ఎంత ఎత్తు అన్న దానికన్నా ముందు, ఈ పనిలో మన సంఘంలోని ఎన్ని ఇళ్ళకు కూలి ముడుతుందో లెక్క వేయండి.