వైద్యశాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన పాఠశాలలో వారమునకొకమారు భోజనానంతరము విద్యార్థులకు ఒక నీలిరంగు మాత్ర నిత్తురు. దానియందు ఇనుముతోపాటు ఫోలికామ్లమను పదార్థము కలదు. కొందరు దానిని మ్రింగినట్లు నటించి కిటికీ వెంట పారవైచుట నేనెరుగుదును. ఆ కిటికీ క్రింది మొక్కకు రక్తహీనత ఎన్నటికిని రాదని ఒకనాడు తరగతిలో పరిహాసమాడితిని. పిల్లలు నవ్విరిగాని, ఆ మాత్ర వెనుక నున్న కథ వారికి తెలియదు. తల్లిదండ్రులలోను అనేకులకు తెలియదు. మన శ్రీవిల్లిపుత్తూరును శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద యందు నిలిపిన సంగతి మనము గర్వముతో చెప్పుకొందుము. అట్లే చెప్పుకొనదగిన తెలుగువాడు మరియొకడు కలడు. ఈయన కావ్యము వ్రాయలేదు. మద్రాసులో చదివి, పరీక్ష తప్పి, మరల చదివి, సముద్రములు దాటి, జీవకణము ఎట్లు విభజన చెందునో, ఏల చెందకపోవునో తెలిసికొనుటకు మార్గము చూపెను.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరమున భీమవరములో జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఈయన నాలుగవవాడు. సంసారము పెద్దది, సంపాదన చిన్నది. పదమూడేండ్ల ప్రాయమున ధనమార్జింపవలెనని ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్ముకొందునని బయలుదేరినాడట. తల్లి పట్టి తెప్పించి మరల బడికి పంపెను. ఆమె పట్టుదలయే లేకున్నచో ఈ వ్యాసము వ్రాయ నవసరమే ఉండెడిది కాదు.

అయినను చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి కృతార్థుడయ్యెను. ఆ పాఠశాల తిరువళ్లిక్కేణిలో కలదు. ఇంట తెలుగు, వీథిలో తమిళము, పుస్తకములో ఇంగ్లీషు అను ఈ మూడు భాషల నడుమ మెలగుట మన పిల్లలకు క్రొత్త గాదు; ఆయనకును క్రొత్త గాకపోయెను. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో చదివెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపవలెనను కోరిక బలముగా నుండెను గాని, తల్లి అనుమతి లేనిదే అది పొసగదని మఠమువారు తెలిపిరి. తల్లి అంగీకరింపలేదు. అప్పుడు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను.

అచ్చటను చిక్కు వచ్చిపడెను. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి పోవుట ఆంగ్లేయుడగు ఆచార్యునకు నచ్చలేదు. తక్కిన విషయములలో బాగుగా వ్రాసినను ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. మద్రాసులోనే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించెను.

ఈ కాలమునకు ముందే ఆయన ఇద్దరు సోదరులు కొద్దిదినముల వ్యవధిలో స్ప్రూ అను గ్రహణివ్యాధితో మరణించిరి. తిన్న యన్నము ఒంటబట్టదు, రక్తము క్షీణించును, నాలుక పుండగును, మనిషి ఎండిపోవును. ఆనాడు దానికి మందు లేదు. ఆ మరణములు ఆయన మనస్సును వదలలేదని ఆయన జీవితము చెప్పకయే చెప్పుచున్నది.

ఇచ్చట కథ నొకింత ఆపి, శాస్త్రవిషయము కొంత చెప్పవలెను. మన శరీరము కణములతో నిర్మితమైనది. ఎర్ర రక్తకణము సుమారు 120 దినములు మాత్రమే జీవించును. కావున మన ఎముకలలోని మజ్జ క్షణమునకు సుమారు 20 లక్షల క్రొత్త రక్తకణములను పుట్టించుచుండవలెను. ప్రేగుల లోపొర కూడ కొలది దినములలోనే మారిపోవుచుండును. ఈ పుట్టుక యంతయు విభజన మూలముననే. కణము రెండగుటకు ముందు తన కేంద్రకములోని వంశలక్షణముల పాఠమును, అనగా డి.ఎన్.ఏ.ను, ఆమూలాగ్రముగా నకలు వ్రాసికొనును. ఆ పాఠమునకు నాలుగే అక్షరములు: అడినిను, గ్వానిను, సైటొసిను, థైమిను.

మనకు శివకాశి దగ్గరనే కలదు, అచ్చుకూటములను చూడనివారుండరు. పూర్వము కంపోజిటరు సీసపు అక్షరములను గూటినుండి ఏరి పేర్చెడివాడు. ఆ గూటిలో ఒక్క అక్షరము నిండుకొన్నచో, తక్కినవన్నియు రాశులుగా నున్నను పని నిలిచిపోవును. థైమిను అట్టి అక్షరము. దానిని తయారుచేయుటకు ఫోలికామ్లము కావలెను. అది లేనిచో కణము ఒడలు పెంచుకొనును గాని విభజన చెందలేదు. మజ్జలో పెద్ద పెద్ద కణములు నిలిచిపోవును. రక్తములోనికి చాలినన్ని రావు. సోదరుల నెత్తురు క్షీణించుటకు ఇదియొక ముఖ్య కారణము. తినినది జీర్ణింపని ప్రేగులనుండి ఫోలికామ్లము లోనికి చేరదు. అది చేరనిచో ప్రేగుల పొరయే మరల నిర్మాణము కాదు. వ్యాధియే వ్యాధిని పెంచును.

సుబ్బారావుగారికి మద్రాసులో నున్ననాడు ఇదియేమియు తెలియదు. ఆనాడు లోకములో ఎవ్వరికిని తెలియదు. డి.ఎన్.ఏ. వంశలక్షణములను మోయునని 1944లో గాని తేలలేదు. దాని జంటమెలిక రూపము 1953లో బయటపడునప్పటికి ఆయన లేడు.

1922 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టను చేరెను. ప్రయాణమునకు మామగారు ధనము కూర్చిరి; కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయము చేయుదునని మాట యిచ్చెను. భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిపోయిరి. ఆ దంపతులు మరల కలిసికొనలేదు. ఇది వ్రాయుచు నా కలము కొంచెము ఆగినది. మహనీయుల చరిత్రలలో ఇంటివారి కన్నీరు ఒక్క వాక్యములో దాటిపోవుట మనకు అలవాటు. నేనును అంతకంటె ఎక్కువ చేయజాలను.

బోస్టనులో ఆయన ఆసుపత్రియందు రాత్రివేళ సేవకుని పని చేసి పొట్ట పోసికొని, హార్వర్డులో చదివెను. అచ్చట సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి రక్తములోను మూత్రములోను గల భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఇరువురి పేర్లతోను ప్రసిద్ధమైన ఆ పద్ధతిని జీవరసాయనము చదువు విద్యార్థులు నేటికిని నేర్చుకొందురు. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటినును, ఏ.టీ.పీ.ని వారు పరిశోధించిరి. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ గ్రామమున లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొలదికాలమునకే పరిశోధనలకు అధిపతి యయ్యెను.

ఫోలికామ్లమను పేరు 1941లో పుట్టినది. అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అణుమాత్రము తీసి, ఆకునకు లాటిన్ పేరగు ఫోలియము ననుసరించి దానికి పేరిడిరి. నాలుగు టన్నుల ఆకుకూరతో ఒక్క రోగికైనను మందు చేయలేము గదా. అందుచేత దానిని ప్రయోగశాలలో కృత్రిమముగా నిర్మింపవలెనని సుబ్బారావుగారు తన బృందమును నడపిరి. 1945లో ఆ పని ఫలించెను. కొన్నాళ్లకే స్ప్రూ రోగులకు అది గుణమిచ్చునని తేలెను. సోదరులను తీసికొనిపోయిన రోగమునకు, రమారమి పాతికేండ్లు గడచిన పిమ్మట, మందు దొరకినది. గర్భిణులకు వచ్చు ఒకవిధమగు రక్తహీనతను మన దేశములోనే, బొంబాయిలో, 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను వైద్యురాలు పరిశోధించి, ఈస్టు సారముతో నయము చేసియుండెను. అందలి గుణకారి ఫోలికామ్లమే యని పిదప తెలిసినది.

ఇక రెండవ భాగము. కణములు విభజన చెందకున్న ఒక రోగము. అదుపులేక చెందిన మరియొక రోగము. పిల్లల రక్తములో తెల్లకణములు అట్లు పెరుగుటయే లుకేమియా, అనగా రక్తపు క్యాన్సరు. బోస్టను పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలికామ్లపు జాతి మందులను లెడర్లీనుండి తెప్పించి ఈ పిల్లలకిచ్చి చూచెను. రోగము తగ్గుటకు మారుగా పెరిగినట్లు కనబడెను. ఆ వైఫల్యమే దారి చూపినది. ఫోలికామ్లము విభజనకు మేత యైనచో, దానిని అడ్డగించిన విభజన ఆగవలెను. సుబ్బారావుగారి ప్రయోగశాలలో అమినోప్టెరిను అను పదార్థము సిద్ధమయ్యెను. అది రూపమున ఫోలికామ్లమును పోలియుండును. తాళములో సరిగా దూరి, తిరుగక, ఇరుక్కొనిపోవు మారుతాళపుచెవి వంటిది. 1948 జూనులో ఫార్బర్ 16 మంది పిల్లల వృత్తాంతమును ప్రకటించెను. వారిలో 10 మందికి రోగము తగ్గుముఖము పట్టెను. అంతవరకు ఆ రోగమును మందుతో వెనుకకు మరలించుట వైద్యులకు సాధ్యము కాలేదు.

కాని అది కొన్ని మాసములే. రోగము తిరిగి వచ్చెను, మందు పనిచేయలేదు. ఏల? కణము ఒకటి రెండగునప్పుడు నకలు సాధారణముగా ఖచ్చితముగా నుండును. ఎప్పుడైన తప్పు దొరలును. లక్షల కోట్ల కణములలో అట్టి తప్పుల వలన ఏ ఒకటి రెండింటికో ఆ మందును తట్టుకొను గుణము కలుగును. తక్కినవి చచ్చును, ఇవి మిగిలి పెరుగును. 1978లో అమెరికాలో రాబర్ట్ షిమ్కీ బృందము ఇట్టి కణములలో కొన్ని, మందు అడ్డగించు ఎంజైము జన్యువునే ఒకటికి బదులు అనేక ప్రతులుగా చేసికొనునని కనుగొనెను. వైద్యులు తరువాత ఒక్కొక్క మందు గాక పలు మందులను కలిపి ఇచ్చుట నేర్చిరి. ఒకదానిని తప్పించుకొన్న కణము మరియొకదానికి చిక్కును.

నకలులో భేదము కలుగుట ఎల్లప్పుడును కీడు కాదని కూడ చెప్పవలెను. వీర్యకణములు, అండములు ఏర్పడునప్పుడు ప్రకృతి కావలెననియే భేదమును కల్పించును. మనకు గల 46 క్రోమోసోములు 23 జంటలు. క్షయకరణ విభజనలో ప్రతి జంటనుండి ఒక్కటియే, తండ్రిదో తల్లిదో, క్రొత్త కణమునకు పోవును. ఈ ఎన్నికయే 83 లక్షలకు పైగా విధముల జరుగవచ్చును. అంతేగాక విడిపోవుటకు ముందు జంటలు తమలో తాము ముక్కలు మార్చుకొనును. అందుచేతనే ఒక తల్లి బిడ్డలు ఒకరివలె ఒకరుండరు. ఏడుగురిలో నాలుగవవాడు మాత్రమే సుబ్బారావుగారెట్లు కాగలిగెనని నన్నడిగినచో, క్రోమోసోములతోపాటు వెంకమ్మగారిని కూడ లెక్కలో వేయుడని చెప్పుదును.

మన ప్రాంతములో బోదకాలు చూచినవారికి తెలిసిన హెట్రజాను మందు ఆయన కాలమున లెడర్లీలో వెలువడినదే. ఆరియోమైసిను అను జీవనిరోధకమును ఆయన యాజమాన్యమున పనిచేసిన బెంజమిన్ డుగ్గర్ కనుగొనెను. ఫార్బర్ వ్రాసిన వృత్తాంతము ప్రకటితమైన రెండు మాసములకు, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు 53. భారతదేశము స్వతంత్రమై ఏడాదియైన కాలేదు. ఆయన తిరిగి రాలేదు. అమినోప్టెరినుకు చెల్లెలగు మెథోట్రెక్సేటు నేటికిని పిల్లల లుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు. మంచి సదుపాయములు గల ఆసుపత్రులలో నేడు ఆ రోగము వచ్చిన పిల్లలలో అధికసంఖ్యాకులు కోలుకొనుచున్నారు. 1995లో శతజయంతి సందర్భమున మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించెను. ఒక బూజుజాతికి కూడ ఆయన పేరు పెట్టిరి: సుబ్బరోమైసెస్.