మాట చెదరని తీగ: ఆలివర్ హెవిసైడ్

1858లో ఐరోపా, అమెరికా ఖండాల మధ్య సముద్రగర్భాన మొదటి తంతితీగ పరచినప్పుడు ఉభయదేశాల ప్రజలు పండుగ చేసికొన్నారు. అయితే విక్టోరియా మహారాణి అమెరికా అధ్యక్షునికి పంపిన 98 మాటల సందేశం ఆ తీగ మీదుగా చేరడానికి సుమారు పదహారు గంటలు పట్టినది. ఈ చివర చుక్కగా బయలుదేరిన సంకేతం, తడికాగితం మీద సిరాబొట్టు వలె పలుచబడి, సాగిపోయి, వెనుక వచ్చే చుక్కలో కలిసిపోయేది. సంకేతం గట్టిగా చేరవలెనని సుమారు రెండు వేల వోల్టుల వరకు పీడనం పెట్టి చూచినారు. అసలే లోపాలు గల ఆ తీగ కొద్ది వారాలలోనే మూగవోయినది. బలం పెంచినంత మాత్రాన స్పష్టత రాదని లోకానికి తెలిసినది. మరి స్పష్టత దేనివలన వచ్చును? ఈ ప్రశ్నకు గణితంతో సమాధానం చెప్పినవాడు కళాశాల గడప త్రొక్కనివాడు. పైగా చెవుడు గలవాడు. అతడే ఆలివర్ హెవిసైడ్.

హెవిసైడ్ 1850 మే 18వ తేదీన లండను నగరంలోని కామ్‌డెన్ టౌనులో జన్మించినాడు. తండ్రి థామస్ కొయ్యదిమ్మలపై చిత్రాలు చెక్కి జీవించేవాడు. కుటుంబానిది పేదరికం. చిన్ననాట సోకిన స్కార్లెట్ జ్వరం బాలుని వినికిడిని దెబ్బతీసినది. పదహారవ యేట బడిచదువు ముగిసినది. కాని తల్లి తోబుట్టువును వివాహమాడినవాడు తంతి నిర్మాతలలో ప్రసిద్ధుడైన చార్లెస్ వీట్‌స్టన్. ఆ బంధుత్వం కుర్రవానికి దారి చూపినది. ఇంటివద్దనే విద్యుచ్ఛాస్త్రం అభ్యసించి, 1868లో డెన్మార్కు వెళ్ళి తంతి ఉద్యోగంలో చేరినాడు. తరువాత ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో అదే పని చేసినాడు. 1874లో, ఇరువదినాలుగేండ్ల వయస్సులో, రాజీనామా ఇచ్చి తల్లిదండ్రుల ఇంటికి చేరినాడు. ఆ మీదట జీవితాంతం మరొక ఉద్యోగం చేయలేదు.

1873లో వెలువడిన మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత గ్రంథమే అతనికి విశ్వవిద్యాలయమైనది. దానిని అర్థం చేసికొనడానికి గురువు లేకుండా ఏండ్లు శ్రమించినాడు. చివరకు ఆ గ్రంథంలో ఇరువది వరకు ఉన్న సమీకరణాలను నాలుగింటిగా కుదించినాడు. నేటి విద్యార్థులు మాక్స్‌వెల్ సమీకరణాలని నేర్చుకొనేది హెవిసైడ్ దిద్దిన ఆ రూపమే.

ఈ జ్ఞానాన్ని అతడు మరల తన పాత తంతితీగకే అన్వయించినాడు. తీగకు నాలుగు గుణాలు ఉంటవి. ప్రవాహాన్ని అడ్డగించేది నిరోధం. ప్రవాహంలోని మార్పును అడ్డగించేది స్వయంప్రేరణ. విద్యుత్తును నిలువచేసికొనే గుణం ధారణ. పైతొడుగు గుండా విద్యుత్తు కారిపోవడం స్రావం. విలియం థామ్సన్ అంతకు పూర్వం నిర్మించిన సిద్ధాంతం నిరోధాన్ని, ధారణను మాత్రమే లెక్కించినది. నెమ్మదిగా నడిచే తంతికి అది చాలినది. 1876లో టెలిఫోను వచ్చిన తరువాత చాలలేదు. మనుష్యుని గొంతు హెచ్చుస్వరాల, తగ్గుస్వరాల మిశ్రమం. సాధారణమైన తీగలో హెచ్చుస్వరాలు ముందుగా చేరును గాని త్వరగా క్షీణించును. తగ్గుస్వరాలు బలంగా ఉండును గాని వెనుకబడును. అందువలన దూరం పెరిగినకొద్దీ మాట గొణుగుడుగా మారేది.

1887లో హెవిసైడ్ దీనికి సూత్రం చెప్పినాడు. నిరోధానికి స్వయంప్రేరణతో గల నిష్పత్తి, స్రావానికి ధారణతో గల నిష్పత్తి సమానమైనచో అన్ని స్వరాలు ఒకే వేగంతో పోవును, ఒకే పాళ్ళలో తగ్గును. దూరయాత్రకు బయలుదేరిన జనమంతా ఒకే అడుగు వేసి, ఒకే మేర అలసినచో వరుస చెదరదు గదా! అట్లే ధ్వని సన్నగిల్లును గాని దాని ఆకారం మారదు. వాడుకలోని తీగలలో మొదటి నిష్పత్తి రెండవదానికన్న చాల పెద్దది. నిరోధం తగ్గించుటకు లావుపాటి రాగితీగ వేయవలెను, అది ఖర్చు. స్రావం పెంచినచో స్పష్టత వచ్చును గాని, బలం తగ్గిన మాట రొదలో మునిగిపోవును. ఇక మిగిలిన ఉపాయం స్వయంప్రేరణను పెంచడం. తీగ పొడవునా అక్కడక్కడ చుట్టలు చేర్చవచ్చునని కూడ అతడు సూచించినాడు.

ఇక్కడనే కలహం పుట్టినది. బ్రిటిష్ తపాలాశాఖలో విద్యుత్ వ్యవహారాలకు పెద్దయైన విలియం ప్రీస్ దృష్టిలో స్వయంప్రేరణ మాటకు శత్రువు. ఆ శాఖలోనే ఇంజనీరుగా ఉన్న అన్న ఆర్థర్‌తో కలిసి హెవిసైడ్ సిద్ధపరచిన వ్యాసాన్ని 1887లో ప్రీస్ వెలుగు చూడనీయలేదు. అదే యేట, అతని రచనలను ప్రకటిస్తూ వచ్చిన ‘ఎలక్ట్రీషియన్’ పత్రికకు సంపాదకుడు మారగా ఆ వ్యాసమాల ఆగిపోయినది. అయితే దోషమంతా ఎదుటివారిదే అనుటకు వీలులేదు. హెవిసైడ్ గణితం కఠినం. ఎత్తిపొడుపులు అంతకన్న కఠినం. తన దారికి రాని పాఠకునికోసం అతడు ఒక అడుగు వెనుకకు వేసేవాడు కాడు.

గుర్తింపు వేరొక దిక్కునుండి వచ్చినది. 1888లో జర్మనీలో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగపూర్వకంగా చూపడంతో మాక్స్‌వెల్ మార్గం సత్యమని తేలినది. 1889 జనవరిలో విద్యుదింజనీర్ల సంస్థ అధ్యక్షోపన్యాసంలో థామ్సన్ స్వయంగా హెవిసైడ్ కృషిని కొనియాడినాడు. 1891లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినది. కాని 1894లో అదే సొసైటీ, నిరూపణలు చాలవని, అతని గణితపద్ధతిని గూర్చిన వ్యాసంలో మూడవ భాగాన్ని తిరస్కరించినది. మిత్రులు సేకరింపజూచిన సహాయనిధిని అతడు దానమని ఎంచి నిరాకరించినాడు. 1896లో గౌరవంగా వచ్చిన ఏటా 120 పౌండ్ల ప్రభుత్వ భృతిని మాత్రం అంగీకరించినాడు.

తీగకు చుట్టలు చేర్చే ఆలోచనకు ఫలం అమెరికాలో పండినది. ఏయే దూరాలలో చుట్టలు ఉంచవలెనో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు పూపిన్, టెలిఫోను కంపెనీలోని కాంప్‌బెల్ వేరువేరుగా గణించినారు. 1900లో పూపిన్‌కు పేటెంటు లభించినది. దానిమూలాన కాలక్రమాన అతనికి ముట్టినది నాలుగు లక్షల డాలర్లకు పైమాటే. మూలసూత్రం చెప్పినవానికి పేటెంటు లేదు, పైకం లేదు. 1902లో అతడు, వాతావరణపు పై అంచులలో విద్యుద్వాహకమైన పొర ఒకటి ఉండవచ్చునని వ్రాసినాడు. అమెరికాలో కెనెలీ కూడ అదే యేట అట్లే ఊహించినాడు. ఆ పొర ఉనికిని 1924లో ఆపిల్టన్ నిరూపించినాడు. హెవిసైడ్ టార్కీ పట్టణంలో ఒంటరిగా, అప్పులతో, అనారోగ్యంతో కాలం గడిపి 1925 ఫిబ్రవరి 3వ తేదీన కన్నుమూసినాడు.

అతడు తీగనే సరిదిద్దినాడు. తరువాతి తరాలవారు తీగను ముట్టకుండ, చేరే చివర చిన్న పరికరం ఉంచి, దారిలో కలిగిన వికారాన్ని తిరగదోడడం నేర్చినారు. దానినే ఈక్వలైజరు అంటారు. 1965లో బెల్ ప్రయోగశాలకు చెందిన రాబర్ట్ లక్కీ, తీగ గుణాన్నిబట్టి తన్ను తానే సవరించుకొనే ఈక్వలైజరును వివరించినాడు. అయితే హెవిసైడ్ గుర్తించిన చిక్కు ఇక్కడ కూడ ఉన్నది. తగ్గిన స్వరాన్ని పెంచితే దానితోపాటు రొద కూడ పెరుగును. కనుక వికారం, రొద రెండూ కలిసి కనిష్ఠమయ్యే చోటనే ఆగవలెను. మెరుపు వంటి ఆటంకంతో వరుసగా అనేక సంకేతాలు ఒక్కసారే చెడినచో ఈక్వలైజరు ఒక్కటే చాలదు. అందుకని సంకేతాలను ముందే కలగలిపి పంపి, చేరిన పిదప మరల వరుసలో పెట్టుదురు. అప్పుడు గుంపుగా వచ్చిన తప్పులు విడివిడిగా చెదరిపోవును. విడి తప్పులను దిద్దుటకు వేరే లెక్కలు కలవు. ఇట్టి పరికరాలను రచించే ఇంజనీర్లకు చిరకాలం చేతిపనిముట్టు అయినది, 1894లో సొసైటీ త్రోసివేసిన ఆ గణితపద్ధతియే.

పెయిన్టన్ శ్మశానవాటికలో తల్లిదండ్రుల ప్రక్కన హెవిసైడ్ సమాధి ఉన్నది. ఎదుటివారి మాట సరిగా వినలేని మనుష్యుడు, దూరాన ఉన్నవారి మాట లోకమంతా స్పష్టంగా వినే విధానం చెప్పి వెళ్ళినాడు.